కోరంటి

నల్లకుంటలో ఉన్న ఫీవర్ హాస్పిటల్‌ని మా నాయనమ్మ ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. ఆమెకది కోరంటి. "కోరంటి కాడ దిగి ఎన్కగల్లీల రా" అని చుట్టాలకు దారి చెప్పేది. ఆటోవాళ్ళకు ఇప్పటికీ ఆ పేరు చెబితే చాలు. చిన్నప్పుడు నేను కోరంటి అంటే గోరింటకు చుట్టమేదో అనుకున్నాను. అది 'క్వారంటైన్' అని తెలిసేసరికి డిగ్రీలోకి వచ్చేశాను.

క్వారంటైన్ అసలు ఒక అంకె. 14వ శతాబ్దపు ప్లేగు తర్వాత మధ్యధరా రేవుల్లో ఓడల్ని ఒడ్డుకు దూరంగా ఆపెయ్యడం మొదలైంది. 1377లో రగూసా, అంటే ఇప్పటి డుబ్రోవ్నిక్, ముప్పై రోజుల గడువు పెట్టింది. తర్వాత అది నలభై అయింది. ఇటాలియన్‌లో నలభైని 'క్వరాంటా' అంటారు. ఆ మాట ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి నిజాం రాజ్యంలోకి వచ్చి, అంటురోగాల వాళ్ళని జనానికి దూరంగా ఉంచే ఆసుపత్రికి పేరయింది. హైదరాబాదు నోట్లో నాని కోరంటి అయింది. తర్వాత ఆ ఆసుపత్రికి రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. 1897లో సికింద్రాబాదులో ఉండగా దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టినాయన. బోర్డు మీద ఆయన పేరుంది. జనం నోట్లో మాత్రం ఆ నలభై రోజులే మిగిలాయి.

2020 మార్చిలో మా పక్క వీధికి దుబాయ్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. అతన్ని పద్నాలుగు రోజులు హోమ్ క్వారంటైన్‌లో పెట్టారని నాన్న చెబితే, నాయనమ్మ "ఇంట్లనే కోరంటా?" అని నవ్వింది. వారం తిరక్కుండా ఆ మాట ఆమెకే వర్తించింది. ఆమెకప్పుడు 82.

మార్చి 19న ప్రధాని టీవీలో మాట్లాడుతూ అరవై, అరవై అయిదు దాటినవాళ్ళు కొన్ని వారాలు ఇల్లు కదలొద్దన్నాడు. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మే ఆఖర్లో సడలింపులు మొదలైనప్పుడు కూడా 65 దాటినవాళ్ళు, పదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, దీర్ఘరోగాలు ఉన్నవాళ్ళు ఇంట్లోనే ఉండాలని మార్గదర్శకాల్లో రాశారు. సలహా తప్పేం కాదు. జనాభాలో అరవై దాటినవాళ్ళు పదిమందికి ఒకరు. ఆ ఏడాది కోవిడ్ మరణాల్లో మాత్రం సగానికి పైగా వాళ్ళే.

మేమూ చెయ్యాల్సిందంతా చేశాం. వెనక గది ఆమెకిచ్చాం. కంచం, గ్లాసు వేరు చేశాం. వీధిలోంచి గాలి రాకుండా కిటికీ మూసేశాం. పాలబ్బాయితో మాటలు బంద్. కూరగాయల బండి దగ్గర బేరం బంద్. సాయంత్రం అరుగు మీద కూర్చోవడం బంద్. తలుపు దగ్గర టిఫిన్ పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి "నాయనమ్మా, తిను" అనేవాళ్ళం. మూడో వారంలో ఆమె కంచం ముందు కూర్చుని, నా వైపు చూడకుండా అంది: "ఏ రోగమొచ్చినా ఇంట్ల అందర్ని నేనే జూస్కునేదాన్ని బిడ్డా. ఇప్పుడు నన్నే రోగం లెక్క జూస్తున్రు."

ఆ మాట నన్ను వదల్లేదు. బాధ కలిగించినందుకే కాదు, అందులో చరిత్ర ఉందనిపించింది. గత వందా నూటయాభై ఏళ్ళలో మన ఇళ్ళ మీద పడ్డ మహమ్మారుల్లో ముసలివాళ్ళు ఎక్కడున్నారు? లాక్‌డౌన్‌లో నాకు దొరికిన తీరికంతా ఆ ప్రశ్న వెంటే పోయింది.

*

మొదటి జవాబు ఆమె ముఖం మీదే ఉంది. నాయనమ్మ చెంపల నిండా స్ఫోటకం మచ్చలు. నల్గొండ దగ్గర పల్లెలో, ఏడేళ్ళప్పుడు, ఆమెకు "అమ్మవారు పోసింది". మశూచి పట్టిన పదిమందిలో ముగ్గురి దాకా చచ్చిపోయేవాళ్ళు. కొందరికి కళ్ళు పోయేవి. బతికి బయటపడ్డవాళ్ళకు మాత్రం మళ్ళీ దాదాపుగా రాదు. ఈ సంగతి పల్లెల్లో వైద్యులకంటే ముందు ఆడవాళ్ళకు తెలుసు. అందుకే ఎవరింట్లో అమ్మవారు పోసినా, పక్కన కూర్చునే పని మచ్చలున్న మనిషిది. వేపమండలు పరవడం, తాళింపు వాసన లేని చప్పిడి తిండి పెట్టడం, గోక్కోకుండా చేతులు పట్టుకుని రాత్రంతా మేలుకోవడం. వయసు పెరిగేకొద్దీ ఊళ్ళో మచ్చలున్నవాళ్ళ పాలు కూడా పెరుగుతుంది. ఎన్నో మశూచుల్ని దాటి ముసలితనందాకా వచ్చారంటే, చాలామందికి అది ఒకసారి వచ్చి పోయిందనే అర్థం. అంటే ఆ రోగానికి ఇంట్లో అందరికంటే భయపడక్కర్లేని మనిషి అవ్వే.

మన దేశంలో మొదటి టీకా 1802 జూన్‌లో బొంబాయిలో ఒక మూడేళ్ళ పాపకి వేశారు. అక్కడినుంచి ఆఖరి మశూచి రోగి దాకా, అంటే 1975 దాకా, 173 ఏళ్ళు పట్టింది. అన్నేళ్ళూ టీకా చేరని ప్రతి ఊళ్ళోనూ ఈ మచ్చలున్న ముసలమ్మలే మన ఆరోగ్యశాఖ.

ఇక్కడ నాకు కొంచెం గర్వం పుట్టుకొచ్చింది. పెద్దవాళ్ళంటే మనకెంత గౌరవమో చూడండి అని రాసేద్దామనుకున్నాను. తలుపవతల నిలబడి ఆ ముక్క నాయనమ్మకి చెప్పాను. ఆమె మెచ్చుకోలేదు.

"గౌరవమా? మా నాయనమ్మని అందరిండ్లకు పిలిచేటోళ్ళు. ఎందుకు? ముండమోసింది గదా, పోతే పోయిందని. మొగుడున్నదాన్ని పిలిస్తరా?"

అవును. ఎవరికి రోగం రాదో వాళ్ళని పంపడం ఒక తెలివి. ఎవరు పోయినా ఫర్వాలేదో వాళ్ళని పంపడం ఇంకో తెలివి. రెండూ ఒకే మనిషి మీద పనిచేశాయి. అందుకే నేను పాత రోజులు బాగున్నాయనడం లేదు. పాత రోజుల్లో ముసలమ్మకి ఒక పని ఉండేదని మాత్రం అంటున్నాను. ఆ పని వెనక దయ ఉండొచ్చు, నిర్దయ ఉండొచ్చు. పని మాత్రం ఉంది.

*

ప్లేగు దగ్గర కథ ఇంకోలా ఉంటుంది. 1896లో అది బొంబాయిలో దిగింది. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. నాలుగు సెక్షన్ల చిన్న చట్టం. 2020 మార్చిలో రాష్ట్రాలన్నీ దుమ్ము దులిపి వాడుకున్నది దాన్నే. పూనాలో సైనికులు ఇళ్ళలోకి దూరి, అనుమానం ఉన్నవాళ్ళని శిబిరాలకు తరలించారు. ఆ కోపంలోనే ఆ ఏడాది జూన్ 22న ప్లేగు అధికారి రాండ్ మీద చాపేకర్ సోదరులు తుపాకీ పేల్చారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు పాస్‌పోర్టులు వచ్చాయి. రోగం ఉన్న ప్రాంతం నుంచి వచ్చినవాడు కొన్ని రోజులపాటు అధికారి ముందు కనిపించి, నేను బాగున్నానని చూపించుకోవాలి.

ఈ హడావుడి సాగుతుండగా దక్కను పల్లెల్లో జనం ఎవరూ చెప్పకుండానే ఒక పని చేశారు. దూలాల మీంచి ఎలుకలు రాలి చస్తే ఇల్లు వదిలేసి, పొలాల్లో పాకలు వేసుకుని ఉండిపోయారు. అప్పటికి ప్లేగు ఎలా అంటుతుందో శాస్త్రవేత్తలకే ఖాయంగా తెలియదు. ఎలుకల ఒంటిమీది గోమార్ల వల్ల వస్తుందని సైమండ్ అనే ఫ్రెంచి డాక్టరు 1898లో కరాచీలో చూపించాడు. దాన్ని అందరూ ఒప్పుకోవడానికి ఇంకో ఎనిమిది, పదేళ్ళు పట్టింది. ఇళ్ళకు సున్నాలు కొట్టి, మందునీళ్ళు చల్లి ప్రభుత్వం సాధించినదానికంటే, ఎలుకల్ని వాటి ఇంటికి వదిలేసి ఆరుబయటికి నడిచినవాళ్ళు ఎక్కువ సాధించారు. ఈ ఆరుబయటి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఆ ప్లేగులోనే ఒక పెద్దావిడ ఉంది. సావిత్రీబాయి ఫూలే. బడి పెట్టిన సావిత్రీబాయిగా మనకు తెలుసు. ప్లేగు వచ్చేసరికి ఆమెకు 66 ఏళ్ళు. భర్త జోతీబా పోయి ఆరేళ్ళు దాటింది. పెంపుడు కొడుకు యశ్వంత్ డాక్టరు. పూనా పొలిమేరలో, హడప్సర్ దగ్గర, తల్లీ కొడుకూ కలిసి ప్లేగు రోగులకు వైద్యశాల నడిపారు. ముంఢ్వాలో ఒక దళిత పిల్లవాడికి ప్లేగు అంటిందని తెలిసి, వాణ్ణి తానే వీపున మోసుకొచ్చిందంటారు. పిల్లవాడు బతికాడు. ఆమె 1897 మార్చి 10న అదే రోగంతో చనిపోయింది. మశూచికి మచ్చలున్నట్టు ప్లేగుకి ఆమె దగ్గర ఏ రక్షణా లేదు. 66 ఏళ్ళ మనిషి ఇంట్లో ఉండాలని ఆమెకెవరైనా చెప్పి ఉంటే వినేదా అని ఆలోచించాను. వినేది కాదనే అనిపిస్తుంది.

*

మూడోది 1918. మొదటి ప్రపంచయుద్ధపు ఓడల్లో ఆ ఇన్‌ఫ్లుయెంజా వేసవిలో బొంబాయి చేరింది. సెప్టెంబరు నుంచి విరుచుకుపడింది. మన దేశంలో కోటికి పైగా మనుషులు పోయారు. జనాభా లెక్కల చరిత్రలో మన సంఖ్య పెరగకుండా తగ్గిన దశాబ్దం ఒక్కటే: 1911లో 25.2 కోట్లున్నవాళ్ళం 1921లో 25.1 కోట్లమయ్యాం.

ఆ జ్వరం విచిత్రం దాని వయసు లెక్కలో ఉంది. మామూలు ఫ్లూ పసిపిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకుపోతుంది. 1918లో చావులు ఎక్కువ పడ్డది ఇరవై, నలభై మధ్యవాళ్ళ మీద. పొలం దున్నేవాళ్ళు, పాలిచ్చే తల్లులు. మన దగ్గర ఆడవాళ్ళు మరీ ఎక్కువ పోయారు. ముసలివాళ్ళు చాలా దేశాల్లో అనుకున్నంతగా పోలేదు. వాళ్ళ చిన్నప్పుడెప్పుడో అలాంటి ఫ్లూ ఒకటి వచ్చిపోయి ఉంటుందని, ఒంట్లో దాని జ్ఞాపకం కాపాడిందని ఒక వివరణ.

ఇది చదివాక నాయనమ్మ వాళ్ళ నాన్న సంగతి తట్టింది. "మా నాయనని వాళ్ళ నాయనమ్మ సాదింది. అమ్మ, అయ్య ఒక్క జ్వరంల, ఒక్క వారంల పోయిన్రు" అని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఏ జ్వరమో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆయన వయసు లెక్కేస్తే ఆ సంవత్సరం 1918 చుట్టుపక్కలే పడుతుంది. నడీడు వాళ్ళు పోయిన ఇళ్ళలో పసివాళ్ళూ ముసలివాళ్ళూ మిగిలారు. ఆ ముసలివాళ్ళు మళ్ళీ మొదటినుంచి తల్లులయ్యారు. మా వంశం నిలబడి ఉన్నది అలాంటి ఒక అవ్వ చేతుల మీద.

*

మూడు రోగాలు, మూడు రకాల ముసలితనాలు. మశూచిలో అవ్వకి రోగం రాదు. ప్లేగులో వస్తుంది, అయినా బయల్దేరిన ఒకావిడ ఉంది. 1918లో రోగం ఆమెను దాటుకుని ఆమె పిల్లల మీద పడింది. మూడింట్లోనూ మంచం పక్కన ఉన్నది ఆమే.

2020లో మొదటిసారి లెక్క తిరగబడింది. కొత్త వైరస్. ఎవరి ఒంట్లోనూ దాని జ్ఞాపకం లేదు. కొత్త శత్రువుని గుర్తుపట్టి పోరాడటం నేర్చుకునే శక్తి వయసుతోపాటు తగ్గుతుంది. పైన బీపీ, షుగరు. బతికిన ఏళ్ళే ఈసారి బలహీనత అయ్యాయి. పెద్దవాళ్ళు మనల్ని కాయడం మనకు తెలుసు. మనం వాళ్ళని కాయడానికి మాత్రం పద్ధతేదీ లేదు. కాబట్టి తెలిసిన ఒక్క పద్ధతే వాడాం: కోరంటి. రోగం ఉన్నవాణ్ణి పెట్టాల్సిన చోట రోగం లేని మనిషిని పెట్టాం.

అందులోనూ తప్పు చేశాం. ఆ కిటికీ సంగతి. నోటి తుంపర్లు, వస్తువుల మీది వైరస్ అంటూ కూరగాయల్ని ఉప్పునీళ్ళలో ముంచుతూ కూర్చున్నాం. వైరస్ గాలిలో తేలుతూ కూడా వ్యాపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేటగా చెప్పేసరికి 2021 వచ్చింది. ఆఫీసుకి వెళ్ళొచ్చే నాన్న, కిటికీ మూసిన గది, లోపల ఆమె. నిజానికి అంతకంటే అపాయం లేదు. మేం బంద్ చేసిన అరుగే ఇంట్లో అన్నిటికంటే మంచి చోటు. ఎలుకలు రాలితే ఆరుబయటికి నడిచిన పల్లెవాళ్ళు ఉంటే మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు.

జూన్‌లో ఆమె తిండి తగ్గించేసింది. మధ్యాహ్నాలు కూడా పడుకుని ఉండేది. మా ఫ్యామిలీ డాక్టరు ఫోన్లోనే విని, "రోగం రాకుండా చూస్తున్నారు, బాగానే ఉంది. మనిషిని కూడా చూడండి" అన్నాడు. కుర్చీ తీసుకెళ్ళి అరుగు మీద వేశాం. ఆమెకి మాస్కు, వచ్చేవాళ్ళకి మాస్కు, మధ్యలో ఆరడుగులు. నాన్న ఆమె ముందుకి మాస్కు లేకుండా రావడం మానేశాడు. అది మొదటి మార్పు. రెండోది ఆమె చేసుకుంది. గల్లీలో ఆమె ఈడువాళ్ళు ఏడుగురు. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు ఇద్దరు, ఒంటరివాళ్ళు ఇంకో ఇద్దరు. వాళ్ళ నంబర్లన్నీ పెద్ద అక్షరాలతో అట్ట మీద రాయించుకుంది. రోజూ పొద్దున్నే ఒక్కొక్కరికీ ఫోను. "తిన్నవా? గోలి ఏస్కున్నవా?" అంతే. రెండోసారి చేసినా ఎత్తకపోతే నన్ను పంపేది.

2021 ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున గల్లీ చివరింటి ఆవిడ ఫోనెత్తింది. ఎత్తి, నాయనమ్మని ఎవరో అనుకుని మాట్లాడింది. "జ్వరం లేదంటుంది గని మాట తేడా ఉంది, పోయి జూడు" అంది నాయనమ్మ. వెళ్ళాను. నిజంగానే జ్వరం లేదు. వేలికి ఆక్సీమీటరు పెడితే 88. పెద్ద వయసువాళ్ళలో కోవిడ్ ఒక్కోసారి జ్వరంగా కాకుండా తికమకగా, తిండి సయించకపోవడంగా, ఉన్నట్టుండి పడిపోవడంగా బయటపడుతుందని తర్వాత చదివాను. ఆ రోజుల్లో ఊళ్ళో బెడ్లు లేవు, ఆక్సిజన్ లేదు. మూడు ఆసుపత్రులు తిరిగితే నాలుగోదాంట్లో వరండాలో మంచం దొరికింది. పదకొండు రోజులకు ఆవిడ ఇంటికొచ్చింది. అట్ట మీది ఏడు పేర్లలో ఇంకో ఇద్దరు ఆ మే నెలలోనే పోయారు. ఫోన్లు అందరినీ కాపాడలేదు. ఆ పేర్లని నాయనమ్మ కొట్టెయ్యనివ్వలేదు.

ఆంధ్రలో మా అమ్మమ్మ ఊళ్ళోనూ ఇలాంటిదే చూశాను. 2020 ఫిబ్రవరి నుంచి అక్కడ వాలంటీర్లు ఒకటో తారీఖున పెన్షన్ ఇంటికే తెచ్చిచ్చేవాళ్ళు. మహమ్మారి కోసం పెట్టిన ఏర్పాటు కాదది. కానీ లాక్‌డౌన్‌లో ముసలివాళ్ళు లైన్లో నిలబడక్కర్లేకపోయింది. "డబ్బులు సరే, నెలకోసారి ఒకడు గుమ్మంలోకొచ్చి పేరు పెట్టి పిలుస్తాడు" అంది అమ్మమ్మ. దూరం పెట్టడం తేలిక. ఆ దూరం దాటి రోజూ ఎవరొస్తారన్నదే అసలు ఏర్పాటు.

*

2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్ళకి టీకా మొదలైంది. రెండో వారంలో తీసుకెళ్ళాను. లైన్లో అందరూ ఆ ఈడువాళ్ళే, చాలామంది ఏడాది తర్వాత మొదటిసారి వీధిలోకి వచ్చినవాళ్ళు. సూది వేసే నర్సుకి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. నాయనమ్మ ఒక్క క్షణం మాస్కు దించి ఊపిరి పీల్చుకుంటే ఆ అమ్మాయి చెంపలు చూసింది.

"మొఖం మీద ఇవేంది అవ్వా? ఏమన్న ఎలర్జీనా?"

నాయనమ్మ నా వైపు చూసింది. ఆమె నవ్వుతోందని కళ్ళలో తెలిసింది.

"అమ్మవారు బిడ్డా. నువ్వు జూడలే. ఇంకెవ్వలు జూడరు."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు. దూది నొక్కి పట్టుకోమని చెప్పి, అరగంట అక్కడే కూర్చోమంది. కుర్చీలో కూర్చోగానే నాయనమ్మ ఫోనడిగింది. ఆ పొద్దున హడావుడిలో అట్ట మీది ఏడుగురికీ ఫోన్ చెయ్యడం కుదరలేదు.